ఇసుకలో కీచురాయి

నల్లరేగడి చేలో ఎలుకలకి కీచురాయే కావలి. రెండు ఎలుకలు ఒకరికి తెలియకుండా ఒకరు బొరియల మధ్య ఒకే గోడను చెరోవైపు నుంచీ తవ్వుతుంటే, నేల అదురు తన కాళ్ళకి తగిలి కీచుమని అరిచేవాడు. ఇద్దరూ ఆగిపోయేవారు.

ఒక ఏడు చేను మునిగి ఎలుకలన్నీ వాగొడ్డున ఇసుకలోకి మారాయి. కీచురాయినీ వెంటబెట్టుకెళ్ళాయి. వాళ్ళలో పెద్దది చెంచక్క. రోజూ పొద్దున్నే అతన్ని అడిగేది.

"ఏమన్నా వినబడిందా తమ్ముడూ?"

"ఏమీ వినబడలేదక్కా."

ఆ మాట చాలు, చెంచక్క నిశ్చింతగా తవ్వకానికి దిగేది.

నాలుగో రోజు తను కొరుకుతున్న గోడ దానంతటదే కదిలింది. అవతల నుంచి తవ్వుతున్నది సొంత చెల్లెలని తెలిసేలోగా కప్పు కూలిపోయింది. అందరూ కలిసి ఇసుక తోడి చెల్లెల్ని బయటికి లాగారు. ఆమెలో కదలిక లేదు.

చెంచక్క కీచురాయి దగ్గరికొచ్చింది. "ఎందుకు అరవలేదురా?"

కీచురాయి బిత్తరపోయాడు.

"ఇసుకలో అదురు నా కాళ్ళదాకా రాదక్కా. ఇక్కడికొచ్చినప్పటి నుంచీ నాకేమీ వినబడటం లేదు. రోజూ నీకు అదేగా చెబుతున్నాను?"