పచ్చ టిక్కు

ఆ ఉదయం కావాలనే ఒక తప్పు చేశాను. మా కంపెనీ కోడ్ దాచుకునే రిపోజిటరీలన్నిట్లోనూ, కోడ్ మధ్యలో ఒక ఉత్తుత్తి పాస్‌వర్డు రాసిపెట్టాను. అలా వదిలేసిన పాస్‌వర్డుల్ని దానంతటదే వెతికి పట్టుకునే లింట్ రూలు, అంటే కోడ్ తనిఖీ నియమం, నాదే. పట్టుకుంటే ఎర్ర గుర్తు పడాలి.

అన్నిట్లోనూ పచ్చ టిక్కే పడింది.

ఆ రూలు తెచ్చినప్పుడు అందరూ చాదస్తమన్నారు. టీమ్ లీడ్, నేను అన్నయ్యా అని పిలిచే మనిషి, ఒక్కడే "ఉండనివ్వండి" అని వాళ్ల నోళ్లు మూయించాడు. ఆ తర్వాత ఎవరి కోడ్‌లోనూ ఎర్ర గుర్తు పడలేదు. "నీ రూలంటే హడలక్కా" అనేది పక్క సీటు అమ్మాయి. నేను మురిసి ముక్కలయ్యేదాన్ని. కానీ ఇన్నాళ్లుగా ఒక్క తప్పూ దొరక్కపోతే అనుమానం రాదూ?

లేచి అన్నయ్య కుర్చీ దగ్గరికి వెళ్లాను.

"అన్నయ్యా, నా రూలు పనిచేయడం లేదు."

"మొదటి రోజే ఆపేశానమ్మా," అన్నాడు తల తిప్పకుండానే. "నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు."

"మిగతావాళ్లకి తెలుసా?"

"వాళ్లకి ఆ రోజే చెప్పాను. లేకపోతే ఒప్పుకునేవాళ్లా?"

వెనక్కి తిరిగాను. నా రూలంటే హడలిపోయే అమ్మాయి గబగబా టైపు చేస్తోంది, వెలగని స్క్రీను ముందు.