అర్థం కాని అమ్మాయి

ఇరవై ఏళ్లు మూడో తరగతికి చెప్పిన నేను, ఆ రోజే యూనివర్సిటీలో కాబోయే టీచర్లకు తొలి పాఠం చెబుతున్నాను. పిల్లలకు భిన్నాలు ఎలా నేర్పాలో కాగితం చూసి గడగడా చదివేసి, "అర్థమైందా?" అన్నాను.

"అయింది మేడమ్!" అన్నారందరూ.

"నాకు కాలేదండీ," అంది చివరి బెంచీలో అమ్మాయి.

బోర్డు మీద బొమ్మ గీశాను. తల అడ్డంగా ఊపింది. నాకు ఒళ్లు మండింది. చేతిలోని పాఠం కాగితాన్నే నాలుగు ముక్కలుగా చించి, ముందు బెంచీలో నలుగురికీ పంచాను. క్లాసంతా నవ్వుతూ మెడలు చాచి చూసింది.

"ఇప్పుడైంది!" అంది ఆ అమ్మాయి.

బెల్లు కొట్టాక పిలిచి, "ఏమ్మా, ఇంత చిన్న విషయానికి మూడుసార్లా?" అన్నాను.

"మొదటిసారే అర్థమైంది టీచర్. మూడో తరగతిలో నేను అర్థం కాలేదన్నప్పుడల్లా మీరిలాగే కాగితాలు చించేవారు. అది చూసే నేనూ టీచర్ని అవుదామనుకున్నా. మరి వీళ్లూ చూడొద్దూ?"