నిలబడ్డ రొట్టె

పొద్దుటి నుంచి రెండోసారి కాల్చిన రొట్టె కూడా వేదవతి కళ్ళముందే నడుం విరిగినట్టు కుంగిపోయింది.

సాయంత్రం నాలుగింటికల్లా ఒక మంచి రొట్టె దోహాలో కొత్తగా తెరుస్తున్న జపనీస్ రెస్టారెంటు బల్లమీద ఉండాలి. వడపోతలో మిగిలింది రెండు బేకరీలే. ఎవరి రొట్టె నచ్చితే ఇకమీదట అక్కడి పొద్దుటి ఫలహారంలోకి రోజూ వాళ్ళదే.

ఆ ఊళ్ళోనే ఐన్ ఖాలిద్ పేటలో మూడు బల్లలేసుకుని జపాన్ బేకరీ నడుపుకునే రాజమండ్రి ఆవిడకి అంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?

బన్నులు ఆవిడకి కొట్టిన పిండే. ఎత్తుగా నిలవాల్సిన ఈ పాల రొట్టే లొంగడం లేదు.

"ఓవెన్‌లో ఇంకో రెండు టిన్నులున్నయి కదా అక్కా, పరేషాన్ కాకు," అంది సాయంగా ఉండే హైదరాబాదు నస్రీన్.

"అవే ఆఖరు. మళ్ళీ పిండి పొంగేంత టైము లేదు."

మధ్యాహ్నం కావస్తుండగా తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల గడ్డం, ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలం చొక్కా.

రకానికొకటి చొప్పున బన్నులు తెప్పించుకున్నాడు. ఒక్కోటీ తుంచి, వాసన చూసి, కళ్ళు మూసుకుని తినసాగాడు.

"మంచిగ చేస్తున్నవ్ బిడ్డా. యోకోహామాల ఒక దుకాణముండె. పొద్దుగాల షటర్ లేవకముందే లైను. ఒక్కడు నోరు తెరవడు. గీ ఎర్రచిక్కుడు ముద్ద పెట్టిన బన్ను కోసమే."

"అలాగాండీ," అంది వేదవతి, ఓవెన్ అద్దం మీంచి చూపు తిప్పకుండా.

"కోబేల ఒక ముసలామె బన్నుల కూర పెట్టి నూనెల వేంచుతది. అచ్చం మన కర్రీపఫ్ లెక్కనే. ఇంకో కాఫీ హోటల్ల అయితే ఒక్క కప్పు పోసెతందుకు ఇరవై నిమిషాలు. మూడు దినాలు ఊకె చూసెతందుకే పోయిన."

పనీపాటా లేక కోతలు కోస్తున్నాడు అనుకుంది వేదవతి. భర్త సుధాకరరావు ఉద్యోగం పుణ్యమా అని ఆవిడా జపాన్‌లోనే, నగోయాలో నాలుగేళ్ళుంది. ఈ పని నేర్చుకుందీ అక్కడే. ఇలాంటి కబుర్లు ఆవిడ దగ్గర చెల్లవు.

ఓవెన్ గంట మోగింది.

పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా మొదటి టిన్ను ఎత్తి, చప్పుడు లేకుండా రాతిబల్ల మీద దించింది.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు.

"అట్ల మెల్లగ కాదమ్మా. బల్లకేసి కొట్టు."

"ఏం కొట్టాలి?"

"టిన్నును. జర మీదికెల్లి దబ్బున ఇడిచిపెట్టు."

వేదవతికి ఒళ్ళు మండింది. "తినే వస్తువునాండీ? అన్నం గిన్నె చప్పుడు చేస్తేనే మా అమ్మ ఊరుకునేది కాదు."

ఆయన కౌంటరు చుట్టూ తిరిగి లోపలికి వచ్చాడు. గుడ్డ అందుకుని, రెండో టిన్ను బయటికి తీసి, జానెడు ఎత్తునుంచి దబ్బున వదిలేశాడు.

గాజు సీసాలు గలగలలాడాయి. నస్రీన్ చెవులు మూసుకుంది.

"బయటికి నడవండి," అంది వేదవతి. "పెద్దవారు కాబట్టి ఇంతకంటే అనలేకపోతున్నాను. ఇవాళ ఈ రొట్టె నాకెంత అవసరమో మీకేం తెలుసు?"

"రొట్టె కరాబైతుంటే చూస్కుంట కూసోబుద్ధి కాలేదమ్మా. తప్పైతే మాఫ్ చెయ్యి."

గుడ్డ మడతపెట్టి బల్లమీద ఉంచి, వెళ్ళిపోయాడు.

రెండు రొట్టెలూ టిన్నుల్లోంచి తీసి జాలీ మీద ఆరబెట్టారు. పావుగంటకల్లా వేదవతి మెల్లగా దించిన రొట్టె పక్కలకి కుంగింది.

రెండోది గోడ కట్టినట్టు నిటారుగా నిలబడింది.

"అక్కా, చూడు," అంది నస్రీన్ గుసగుసగా.

వేదవతి చూస్తూనే ఉంది. నగోయాలో నేర్పిన మాస్టారూ టిన్ను దించిన ప్రతిసారీ బల్లకేసి కొట్టేవాడు. మనిషికి కోపమెక్కువ, తిండంటే గౌరవం లేదనుకుని ఆవిడ ఆ ఒక్క ముక్కా పుస్తకంలో రాసుకోలేదు. లోపల చిక్కుకున్న ఆవిరి ఆ దెబ్బకి బయటపడితేనే రొట్టె నిలుస్తుందని ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది.

పరుగున వీధిలోకి వెళ్ళింది. ఎండ తప్ప ఎవరూ లేరు. కనీసం పేరైనా అడగనందుకు తనను తాను తిట్టుకుంది.

నాలుగింటికి రెస్టారెంటులో రెండు రొట్టెలు పక్కపక్కన పెట్టారు. ఏది ఎవరిదో రాయలేదు.

ఓకుమురా అనే జపాన్ ఆవిడ రెండిటినీ వేలితో నొక్కింది. చీల్చింది. నమిలింది. మళ్ళీ నమిలింది. నస్రీన్ వేదవతి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఓకుమురా కుడివైపు రొట్టెను ముందుకు జరిపి, "రేపటి నుంచి మాకు ఇది కావాలి," అంది.

అది వేదవతిదే.

నస్రీన్ ఆవిడను కౌగిలించుకుని గిర్రున తిప్పేసింది. వేదవతికి ఏనుగెక్కినంత సంబరం. నవ్వుతూనే ఏడ్చింది. భర్తకు ఫోన్ చేసి, "గెలిచామండీ, మన రొట్టే గెలిచింది," అని మూడుసార్లు చెప్పింది. ఎన్నేళ్ళ కష్టమో ఆ ఒక్క మాటతో తీరిపోయింది.

బయటి గదిలో ఉన్న రెండో బేకరీ యజమానికి కబురు చెప్పి, ఓకుమురా తిరిగి వచ్చింది.

"పాపం, ఏమన్నారండీ?" అని అడిగింది వేదవతి, గెలిచినవాళ్ళకుండే దర్జాతో.

"'నాకు మధ్యాహ్నమే తెలుసు' అని నవ్వారు. అదుగో, వెళ్ళిపోతున్నారు."

అద్దంలోంచి చూస్తే, ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని బస్టాపు వైపు నడిచిపోతున్నది, తన వంటింట్లోంచి తనే బయటికి నడవమన్న పెద్దాయన.