అక్షింతల పురుగు ఫిర్యాదు

మందు కొట్టని ఆ అలసంద చేలో అన్ని రకాల పురుగులకూ చోటుండేది. అక్షింతల పురుగుకు అదే గిట్టేది కాదు. ఎర్రటి వీపు మీద నల్లచుక్కలున్న తనే చేనుకు అందమని దాని ధీమా.

ఒకరోజు పేనుబంక పట్టిన ఆకు మీద ఒళ్లంతా ముళ్లతో నల్లటి పురుగొకటి కనబడింది. అక్షింతల పురుగు మొహం చిట్లించి, పైన గూడు కట్టుకున్న సాలీడును పిలిచింది.

"సాలీడన్నా, ఈ దరిద్రాన్ని తినేసి పుణ్యం కట్టుకో."

"పొద్దున్నుంచీ పేనుబంకను తెగ తింటోంది. చేనుకు మేలే కదమ్మా?"

"తింటే? ఇలాంటి మొహాలు మన చేలో ఉండకూడదు."

"నువ్వు గుడ్లు పెట్టి ఎగిరిపోయింది ఈ ఆకు మీదే కదూ?"

"అయితే ఏంటట?"

"ఏం లేదులే తల్లీ. నీ బిడ్డ, నీ ఇష్టం," అంటూ సాలీడు దారం పట్టుకుని కిందికి దిగసాగింది.