ఎడమచేతి ముడి

ఆ ఉదయం ఆకాశం ఏటి మీదికి దించిన పొగమంచు చీకటి పడే వేళకీ విడలేదు.

ఏట్లో చేపలబుట్ట లేకుండా ఒక్క రాత్రి గడిచినా, పాముల్లా ఉండే మలుగుచేపల్ని పట్టే హక్కు ఎస్టేటుకి పోతుంది. అది తాతలనాటి కట్టుబాటు. అందుకే ఎస్టేటు కాపలావాడు డాబ్స్ మధ్యాహ్నమే, ఆ హక్కు మీద బతికే ముసలి థర్జా బుట్టలన్నీ నరికేశాడు.

"ఇంకేం ముంచుతావు ముసలమ్మా, నీ టోపీనా?" అని గట్టు మీద నిలబడి నవ్వాడు.

"నన్ను నేనే ముంచుకుంటాను. నువ్వు పక్కకి జరుగు!" అంటూ థర్జా నీళ్లలోకి దిగింది.

పాత గుంజకి ఏదో తాడు బిగిసి ఉంది. లాగితే బుట్ట పైకొచ్చింది. దాన్ని అల్లిన పచ్చి విల్లో చెట్టు చువ్వల ఆకులింకా వాడలేదు. మూతికి ఎడమచేతి ముడి ఉంది. ఊళ్లో ఆ ముడి వేసినవాడు ఆమె మొగుడు సైలస్ ఒక్కడే. అతన్ని పాతిపెట్టి రెండు చలికాలాలైంది.

డాబ్స్ నవ్వు ఆగిపోయింది. "ఎవరల్లారిది?"

"ఎవరల్లితే నీకెందుకు? ఏట్లో బుట్టుందని మీ దొరతో చెప్పు పో!"

థర్జా బుట్టలో పడ్డ చేపల్ని గోనెలోకి వంచుకుని, బుట్టని మళ్లీ నీళ్లలోకి దించింది.

రాత్రి కూతురు రోడా ఆ చేపలే వండింది. పెరట్లో ఎవరో చువ్వలు చీలుస్తున్న చప్పుడు వస్తూనే ఉంది. తల్లీకూతుళ్లిద్దరూ తలుపు వైపు చూడకుండా తిన్నారు.