ఒడ్డు కప్పలు, కొండ కప్పలు

సముద్రం ఊరిని మింగేశాక బండెమ్మ వాళ్లను అరకు కొండల్లోకి తరలించారు. వాళ్ల సామాన్లలో దాక్కుని ఒడ్డు కప్పలూ కొండెక్కాయి. పురుగులన్నీ అవే తినేస్తుంటే కొండ కప్పలు చచ్చిపోసాగాయి. అప్పటినుంచి బండెమ్మకూ, ఆ కొండమీదే పుట్టిన గుండన్నకూ అటవీశాఖ ఇచ్చిన పని ఒకటే. కప్ప నోట్లో తిప్పిన పుల్లను మిషన్లో పెడితే దాని వంశం చెబుతుంది. కొండదైతే వదిలేయాలి, ఒడ్డుదైతే చిక్కటి ఉప్పునీళ్ల బకెట్‌లో వేసి చంపాలి.

ఆ ఉదయం పట్టిన కప్పలన్నిటికీ మిషన్ ఒకే మాట చెప్పింది: తల్లి కొండది, తండ్రి ఒడ్డుది.

బండెమ్మ నడుం పట్టుకుని గట్టుమీద కూలబడింది. "ఒడ్డు రక్తం సుక్కున్నా సంపీమన్నారు. ఏటి సేద్దాం గుండన్నా?"

అచ్చమైన కొండ కప్ప కనబడి ఏడాది దాటింది. గుండన్న ఉప్పునీళ్ల బకెట్‌ను పక్కకు జరిపాడు.

"మా కొండ కప్పన్నది ఇంక ఈటి ఒంట్లోనే మిగిలింది. ఈటినీ సంపేస్తే వానలకి కూసీదేటుంటాది?"

బండెమ్మ కప్పలున్న సంచి మూతి విప్పింది. కప్పలు బద్ధకంగా తడిగడ్డిలోకి పాకిపోయాయి.

"తెలిస్తే మన పని పోద్ది," అంది.

"పోనీ," అంటూ గుండన్న ఆమె పక్కనే కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.