వేరే గిన్నె

"జితూ, ముట్టుకోకు!"

రజనీకుమారి అరుపుకి ఆరేళ్ల కొడుకు చేతిలో ముద్ద జారి కంచంలో పడింది. వడ్డిస్తున్న మరియమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"వంకాయకూరలో వేరుశనగ వేశారా పిన్నీ?"

"వేసేను. నూరి ముద్ద చేసి మరీ వేసేను. ఏటమ్మా?"

"వీడికి పడదు. అలర్జీ. ఒక్క పలుకు తగిలినా ఊపిరాడదు."

"ఓస్, మూంగ్‌ఫలీయేనా? కూర తీసీస్తానుండు. చారు పోస్తాను."

"ఆ గరిటే చారులోనూ పెట్టారు కదా..."

రజని ఆ మాట గొణిగినట్టు అంది. ఏం చేస్తుంది మరి? ఇక్కడ మారి ఎక్కాల్సిన నాగపూర్ రైలు సాయంత్రానికి గానీ లేదు. తెచ్చుకున్న పెరుగన్నం పొద్దున్నే పులిసిపోయింది. దారిలో అమ్మేదేదీ పిల్లాడికి నమ్మి పెట్టడానికి లేదు. వాడి మొహం ఆకలికి పీక్కుపోయింది. "భిలాయిలో బాలశౌరి ఉన్నాడు, నాకు తమ్ముడి లెక్క" అని నాన్న ఫోన్ నంబరిస్తే, ఆ బాలశౌరి పవర్‌హౌస్ స్టేషన్‌కి ఎదురొచ్చి మరీ ఖుర్సీపార్‌లో తనింటికి తీసుకొచ్చాడు. రజని ఆ భార్యాభర్తల్ని చూడ్డం ఇదే మొదలు. నాన్న ఇక్కడి స్టీల్ ప్లాంటులో బాలశౌరితో కలిసి పనిచేసినన్నాళ్లూ ఆమె విజయనగరంలో మామ్మ దగ్గరే పెరిగింది.

"అయితే వేరేగా వండీమంటావా?" అంది మరియమ్మ.

"వేరే గిన్నెలో పిన్నీ. వేరుశనగ తగలని గిన్నె ఉంటే..."

"కంచం?"

"తెచ్చుకున్నాను."

సంచిలోంచి కంచం తీస్తుంటే దాని వెంట గ్లాసూ బయటికొచ్చింది. మరియమ్మ ఆ గ్లాసు వంక కాసేపు చూసింది.

"గ్లాసు కూడా తెచ్చీసుకున్నావా," అంది మెల్లగా.

అప్పుడు తెలిసింది రజనికి, తను ఎవరింట్లో కూర్చుని ఏం అడుగుతోందో. గోడ మీద ఏసుప్రభువు పటం. పటం కింద తను. వేరే గిన్నె, వేరే కంచం, వేరే గ్లాసు, పైగా ముట్టుకోకు అని కేక. అన్నీ పిల్లాడి ప్రాణం కోసమే. అయినా ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"పర్లేదమ్మా. పడదనీ, ఒంట్లో బాలేదనీ, ఇవాళ ఉపాసమనీ... మాకు అలవాటే," అంది మరియమ్మ.

"మరియా, ఊరుకో. పిల్లకేటి తెల్సు?" అన్నాడు బాలశౌరి.

"అయ్యో, నేను అలాంటిదాన్ని కాదు పిన్నీ! గురునాథరావు కూతుర్ని. ఈ ఇంటి గురించి మా నాన్న ఎంత గొప్పగా చెప్తాడో తెలుసా? ఆయనకి అలాంటి పట్టింపుల్లేవు. నాకూ లేవు."

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అవునవును. గురునాథం మంచోడు," అన్నాడు బాలశౌరి.

రజని ఫోన్ తెరిచి ఫొటో చూపించింది. కిందటేడు ఆసుపత్రి మంచం మీద జితూ. ఉబ్బిపోయిన పెదాలు, మూసుకుపోయిన కళ్లు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం.

మరియమ్మ ఫోన్ అందుకుని చూసింది. "ప్రభువా! నా తండ్రి ఇంత కష్టం పడ్డాడేటి!"

ఇక ఆవిడని ఆపడం ఎవరి తరం? రిటైర్మెంటుకి ప్లాంటులో ఇచ్చిన కుక్కర్ని అటక మీంచి దింపించింది. దాని డబ్బాకి అంటించిన టేపు కూడా ఊడలేదు. బియ్యం, పప్పు, నూనె అన్నీ సీలు తీయనివి తెమ్మని మొగుణ్ణి దుకాణానికి తోలింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేకెట్ల వెనక సన్నక్షరాలు పరీక్షకి చదివినట్టు చదువుకుని తెచ్చాడు. ఈలోగా మరియమ్మ స్నానం చేసి ఉతికిన చీర కట్టుకొచ్చింది.

"స్నానం ఎందుకు పిన్నీ?"

"పాత చీరకి పొడి అంటుకున్నాదేమో, ఎవలకి తెల్సు? పిల్లాడి ప్రాణం కన్నా ఎక్కువేటి?"

పొగలు కక్కే పప్పన్నం, బంగాళాదుంపల వేపుడు. జితూ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. అరగంట సేపు రజని వాడి పెదాలనే చూస్తూ కూర్చుంది. ఏమీ కాలేదు. ఆమె కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఇలాంటి మనుషులకి తన మీద అనుమానం వచ్చేలా ప్రవర్తించానే అని సిగ్గుతో చచ్చిపోయింది.

"నాకా వంకాయకూర వెయ్యండి పిన్నీ," అంది, పిల్లాడికి దూరంగా గది ఆ చివర కూర్చుని.

"బలవంతమేటి లేదమ్మా..."

"నాకే అలర్జీ లేదు. వెయ్యండి."

మరియమ్మ మొహం విప్పారింది. రజని కూర కలుపుకుని ఆవురావురుమంటూ తింది. మారు వడ్డించుకుంది. ఎదురుగా కూర్చున్న బాలశౌరి తినడం మానేసి ఆమెనే చూస్తున్నాడు.

"గురునాథం కూతురు మా ఇంట్లో అన్నం తింటన్నాది, చూడే మరియా," అన్నాడు. ఆ మాట అంత వింతగా ఎందుకన్నాడో రజనికి అర్థం కాలేదు.

అంతలో రజని ఫోన్ మోగింది. జితూ పరుగెత్తి తీసి స్పీకర్ నొక్కాడు.

"తాతయ్యా! మామ్మ కొత్త కుక్కర్లో అన్నం వండింది. కడుపునిండా తిన్నాను!"

"తిన్నావా? పోన్లే, చిన్నపిల్లలకి ఏటీ అంటదు. మీ అమ్మేదిరా?"

"ఇక్కడే ఉన్నాను నాన్నా," అంది రజని నవ్వుతూ. చేతికి వేరుశనగ. లేచి వాడి చేతిలో ఫోన్ అందుకోడానికి లేదు. "నేనూ భోంచేస్తున్నాను."

అవతల గురునాథరావు గొంతు బాగా తగ్గించాడు. స్పీకర్లో ఆ గుసగుస గదంతా వినబడింది.

"నీకేటి పోయేకాలమే? గ్యాస్ట్రిక్ అని చెప్పీకపోయావా? నేను ముప్పై రెండేళ్లు అదే చెప్పాను. పాపం, నమ్మీసేవోరు."